మీసం మీద ఫుట్‌బాల్ పందెం

నిరుడు నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో పక్కసీటు పెద్దాయన ఫోన్లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ చూస్తున్నాడు. రాజమండ్రివాణ్ణి, నా నోరు ఊరుకుంటుందా? పై లీగులోకి కొత్తగా వచ్చిన ఒక జట్టు వచ్చే సీజన్‌లో అక్కడే నిలబడుతుందన్నాను.

"యాడ నిలబడేదప్పా? మళ్లీ కింది లీగుకే పోతాది. పోకుంటే నా మీసం తీయిస్తా. పోతే నువ్వు తీయించుకో!"

నాకున్నవి నాలుగు వెంట్రుకలే, ఆయనది చీపురుకట్ట. వెంటనే సరేనన్నాను. నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం. మావైపు బస్సులో వేసిన పందెం బస్సు దిగేదాకానే.

ఈ ఏడాది సీజన్ ఆఖరి మ్యాచ్‌లో ఆ జట్టు గెలిచి నిలబడింది. మర్నాడే వీడియోకాల్! పెద్దాయన మంగలిషాపు కుర్చీలో కూర్చున్నాడు.

"చూడప్పా, నీ ముందరే తీయిస్తాండా."

ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను. నున్నటి మూతి తుడుచుకుంటూ ఆయన అన్నాడు: "ఇంగ వచ్చే సీజన్ సంగతి చెప్పు. అంతలోకి మళ్లీ మొలుస్తాదిలే."