ఎడమకు లాగిన కారు

పదహారేళ్లుగా నా గొంతులో ఒక నట్టు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇవాళ మీ ముందు కక్కుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే నాకు ధైర్యం.

నేను కోతలరాయుణ్ణి. ముందే చెప్పేయడం మంచిది. ఈ కువైట్‌లో, సులైబియా కార్ల రిపేరు షెడ్లలో నన్ను అమెరికా మేస్త్రి అంటారు. ఆ పేరు నాకు నేనే పెట్టుకున్నాను. అమెరికాలో గుండ్రటి బాటల మీద ఎడమకే తిరుగుతూ కార్లు పందెం పరుగెడతాయి చూడండి, వాటికి చక్రాలు బిగించి వచ్చానని చెప్పేవాణ్ణి. దొంగసారా మోస్తూ పోలీసుల నుంచి పారిపోవడం నేర్చినవాళ్లు పందేల్లోకి దిగారని, ఒకప్పుడు ఆ బాటలను కొయ్య పలకలతోనే పరిచేవారని చెప్పేవాణ్ణి. అవి నిజాలే. ఆ పలకల పేడు దిగిందంటూ నా అరికాలి మచ్చ చూపించడమే అబద్ధం. ఆ పలకలు నేను పుట్టకముందే చివికిపోయాయి. మచ్చ మా కడప తుమ్మముల్లుది. అమెరికా మొహం నేను చూడలేదు. ఇక్కడి అహ్మదిలో ఒక అమెరికా ఇంజనీరు కారు కడిగేవాణ్ణి. ఆయన పాత పత్రికల్లో బొమ్మలు చూపించి చెప్పిందే నా చదువంతా.

అంతవరకూ ఎవరికీ నష్టం లేదు. మాకు వీసా ఇచ్చిన యజమానిని కఫీల్ అంటాం. ఆ కఫీల్ తమ్ముడు నా కథలు విని తన కారును కూడా అలాగే చేయమన్నాడు. నాకు చేతకాదని ఒక్క మాట అంటే పోయేది. నోరు రాలేదు. పందెం కార్లకు కుడివైపు చక్రాలు కొంచెం పెద్దవి వేస్తారు, కారు దానంతటదే ఎడమకు మళ్లడానికి. నేనూ అదే చేశాను. నాతో పనిచేసే రాయచోటి ఖాదర్ నట్లు బిగించాడు. షెడ్డు ముందు ఒకసారి నడిపి దిగాడు.

"అన్నా, స్టీరింగ్ వదిల్తే ఎడమకు లాగతాండాదే!"

"లాగాలప్పా. అమెరికా పద్ధతి."

"ఈడ రోడ్డు సీదాగుండాది గదన్నా?"

"నాకే నేర్పుతాండావా? నట్లు సరింగా బిగించినావా లేదా, అది జూడు."

మర్నాడు మధ్యాహ్నం ఆ సీదా రోడ్డు మీదే కఫీల్ తమ్ముడు ఫోను అందుకోబోయి స్టీరింగ్ వదిలాడట. కారు ఎడమకు దూసుకెళ్లి డివైడర్‌ను గుద్దింది. అతని కాలు నుజ్జయింది.

దెబ్బతిన్న కారు షెడ్డుకు రాగానే, ఎవరూ చూడకముందే పెద్ద చక్రాలు విప్పి పాతవి తొడిగాను. నట్లు ఊరికే రాలేదు. పానాకు పైపు తొడిగి ఒళ్లంతా వేలాడేస్తే గానీ ఒక్కోటి కదల్లేదు. చేతులు తుడుచుకుంటుంటే ఖాదర్ పరుగున వచ్చాడు.

"అన్నా, యాదన్నా నట్టు వొదులుగా ఇడిసిపెట్టింటినా?"

"అయ్యుండచ్చు" అన్నాను.

ఎందుకన్నాను? ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా పోతుందనా? అమెరికా మేస్త్రి పేరు పోతుందనా? పేరు కోసమే అనుకుంటాను. సిగ్గుగా ఉంది, అయినా అంతే. ఖాదర్ తానే వెళ్లి తప్పు ఒప్పుకున్నాడు. ఖలాస్. ఇఖామా రద్దు చేసి ఇంటికి పంపేశారు.

మళ్లీ అతను పానా ముట్టలేదు. ఇప్పటికీ బస్సెక్కేముందు వంగి, చక్రాల నట్లు వేళ్లతో తడిమి చూస్తాడట. కండక్టర్లు నవ్వుతారట. ఫోను చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "ఆయన కాలు బాగైందా అన్నా?" కుంటుతున్నాడని చెప్పలేక, నడుస్తున్నాడంటాను.

పోయిన శుక్రవారం ఫోన్లో తెగించి అతనికి అంతా చెప్పేశాను. చక్రాలు, పైపు, అన్నీ. ఖాదర్ నవ్వాడు.

"నన్ను ఓదార్చేకి ఇంగో కొయ్యపలకల కత అల్లినావా అన్నా? నీ మనసు మంచిదిలే."

ఒట్టు వేశాను.

"నీ ఒట్లు నాకు తెల్దా?" అన్నాడు.

ఇక నేనేం చేయను? నిజం చెప్పడానికి నా నోరే పనికిరాకుండా పోయింది. మీరైనా నమ్ముతారో లేదో. కుడివైపు రెండు చక్రాలకు పది నట్లు. పదీ నా చేత్తోనే విప్పాను. ఒక్కటీ వదులుగా లేదు.