గంట ఆపిన డాక్టర్ తాయి

మొన్న చంద్రపూర్‌లో మా తుకుం పేటలోని మందుల దుకాణంలో ఎవరి చేతికో స్పిరిట్ దూది రాస్తుంటే ఆ వాసన నా దాకా వచ్చింది. వెంటనే డాక్టర్ తాయి గుర్తుకొచ్చింది. తాయి అంటే మరాఠీలో అక్క. నొప్పికి వైద్యం చేసే ఆమెను చంద్రపూర్ ఆసుపత్రిలో అందరూ అలాగే పిలిచేవారు. నేను బడికి పోలేదు; నాకొచ్చిన అక్షరాలు మా బాపు, అంటే మా నాన్న, ఇంట్లో దిద్దించినవే. ఆ తర్వాత నేర్చుకున్న చదువు ఏదైనా ఉంటే, అది ఈమె దగ్గరే.

బాపు ఘుగ్గుస్ బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. కడుపులో క్యాన్సర్ అని తెలిశాక మేము ఆయనకు గ్యాస్ నొప్పి అని చెప్పాము. మాత్రలు పనిచేయడం లేదు. గనిలో నొప్పి అన్నవాడిని కూలి కోసి ఇంటికి పంపేసేవారట. ఆ అలవాటుతో ఎంత నొప్పైనా "జరంత" అనేవాడు, కొంచెమే అన్నట్టు. మోకాళ్లు కడుపులోకి ముడుచుకొని గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేనేమో "దేవుణ్ని తలుచుకో బాపూ, ఓర్చుకో" అనేదాన్ని.

ఆసుపత్రికి తీసుకెళితే తాయి నొప్పి ఎంతుందని అడగలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "కాకా, నొప్పి తగ్గితే ముందుగాల ఏం జేస్తరు?" అంది.

"దీపం ముందల సక్కగ కూసుంట బిడ్డా. గంతే."

నేను తల దించుకున్నాను. దేవుడి పేరు చెప్పి ఓర్చుకోమన్నదాన్ని, ఆయన దేవుడి ముందు కూర్చోలేకపోతున్నాడన్న సంగతే చూడలేదు.

గనిలో టబ్బులను, అంటే బొగ్గు నింపిన చిన్న బండ్లను, తాడుతో లాగేచోట తీగ గుంజితే పైన గంట మోగుతుంది. తాయి ఆ మాటే ఎత్తుకుంది. "కడుపు ఎనక నరాలు గసొంటి తీగల లెక్కనే గుంపుగ ఉంటయ్ కాకా. ఎక్స్‌రేల చూసుకుంట, వీపు దిక్కుకెళ్లి సూదితోని ఆడ మందు ఏస్తం. గంట మోగుడు తగ్గుతది."

బాపు ఆమె వైపు తిరిగాడు. "గంట ఆగినా టబ్బు ఆగది గద బిడ్డా?"

ఆయన అడుగుతున్నది రోగం గురించేనని నాకు తెలిసింది. చెప్పొద్దని తాయికి సైగ చేశాను. ఆమె చూసింది. చూసి కూడా బాపు చెయ్యి పట్టుకుంది.

"ఆగది కాకా."

"నాకెరికే. మా పిల్ల గ్యాసు, గ్యాసంటే నమ్మినట్టు జేసిన. దాని పానం నిమ్మలంగ ఉంటదని."

మరునాడు ఆయనను బోర్లా పడుకోబెట్టి కడుపు కింద దిండు పెట్టారు. తలుపు బయటికి మాటలు వినబడుతున్నాయి.

"గింత పొడుగు సూదా! బోరు ఏస్తున్నవా ఏంది బిడ్డా?"

"కదలకుర్రి కాకా, నీళ్లు పడ్తయో లేదో చూస్తున్న. నొప్పైతే చెప్పుర్రి. ఈడ జరంత గిరంత నడవది."

రెండు రోజులు విరేచనాలు, కళ్లు తిరగడం. ఇలా అవుతుందని తాయి ముందే చెప్పింది గనుక భయపడలేదు. మూడోనాటి పొద్దున బాపు ఇంట్లో దీపం ముందు కూర్చున్నాడు. నొప్పి పూర్తిగా పోలేదు గాని వీపు నిటారుగా ఉంది. ఆ తర్వాత ఆయన బతికిన రెండు నెలలూ మేము అబద్ధం లేకుండా మాట్లాడుకున్నాము. ఎవరికేమి చెప్పాలో, తన తర్వాత దీపం ఎవరు పెట్టాలో అన్నీ చెప్పాడు. ఆ రోజులిచ్చిన దేవుడికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఆ దండాల్లో తాయికీ ఒకటి ఉంటుంది.

ఇప్పటికీ వాడలో ఎవరికైనా బాగోలేదంటే వెళ్తాను. ఓర్చుకోమని మాత్రం అనను. ఎవరైనా "జరంత" అన్నారంటే కుర్చీ దగ్గరికి లాక్కుంటాను.