తడి గోనెకు సున్నా

వాన తగ్గాక బారిడీహ్ బజారుకి వెళ్తే, కిరాణా కొట్టు గుమ్మం ముందు తడిసిన గోనెపట్టా పరిచి ఉంది. కాలు పెట్టగానే వచ్చిన వాసనకి నరసమ్మ టీచరు గుర్తొచ్చారు. పిల్లల ఆలోచన మీద పరిశోధన చేస్తూ తల నెరిసినదాన్ని. అయినా ఆ వాసన తగిలితే ఈ ఉక్కు కర్మాగారం ఊళ్లోనే ఉన్న బర్మామైన్స్ తెలుగు బడిలో అయిదో తరగతి పిల్లనైపోతాను.

డెబ్బైల చివరి రోజులవి. టీచరుది శ్రీకాకుళం వైపు. మనిషి పొట్టి, ఎవరికీ తలొగ్గే రకం కాదు. ఇన్‌స్పెక్టరు వచ్చినా చెబుతున్న పాఠం పూర్తిచేశాకే నమస్కారం పెట్టేవారు. ఒకరోజు ఒక పరిశోధకుడు బొమ్మల అట్టలు పట్టుకుని మా తరగతికి వచ్చాడు. పక్షికి గూడు, మరి కుక్కకి? ఇలాంటి ప్రశ్నలు. నాలుగు బొమ్మల్లో ఒకదాన్ని వేలితో చూపాలి. చిన్నపిల్లలు రోజూ చూసే వస్తువునే పట్టుకుంటారనీ, రెండింటి మధ్య సంబంధాన్ని పట్టుకోవడం వయసుతో వస్తుందనీ, అది ఎప్పుడొస్తుందో తేల్చడమే తన పని అనీ హిందీలో వివరించాడు. అంతవరకూ బాగానే ఉంది. మా హెడ్మాస్టరు మాత్రం అందులో వెనకబడ్డవాళ్లని అదే తరగతిలో ఉంచేస్తానన్నాడు. తరగతి తప్పితే మా ఇంట్లో నన్ను బడి మానిపించి చెల్లెలిని చూసుకోమంటారు. ఆ సంగతి నాకు తెలుసు, టీచరుకీ తెలుసు.

నా వంతు వచ్చింది. చేతికి దస్తానా, అంటే చేతి తొడుగు, మరి పాదానికి? కింద బూటు, గొడుగు, గోనెసంచి, గిన్నె. నేను గోనెసంచి మీద వేలు పెట్టాను. ఆయన సున్నా వేసి తరవాతి అట్ట తీయబోయాడు. వెనక నిలబడ్డ టీచరు దాని మీద చెయ్యి పెట్టేశారు.

"ఏటనుకుని దీన్ని సూపించావు? బయపడకుండా సెప్పు."

"సేతికి యేడి తగలకుండా దస్తానా కదా టీచర్. కాలికి మా అయ్య తడిపిన గోనె సుట్టుకుంటాడు."

మా అయ్య కొలిమి దగ్గర కాంట్రాక్టు కూలీ. కాంట్రాక్టరు దస్తానాలు ఇచ్చేవాడు, బూట్లు ఇచ్చేవాడు కాదు. టీచరు నా మాట హిందీలో చెప్పారు. పరిశోధకుడు సున్నా కొట్టేయబోయాడు. టీచరు అదీ చెయ్యనివ్వలేదు.

"జీరో రహనే దీజియే. బగల్ మే వజహ్ లిఖియే."

సున్నా ఉండాలి, పక్కనే కారణమూ ఉండాలి, చదివినవాళ్లకి రెండూ కనబడాలి. కారణం రాసే గడి లేని కాగితానికి తన పిల్లలెవరూ జవాబు చెప్పరంటూ ఆమె అట్టలన్నీ బోర్లించేశారు. ఆయన పాపం స్కేలు తీసుకుని ప్రతి కాగితం మీదా ఆ గడికి గీత గీసుకున్నాడు. హెడ్మాస్టరు నా కాగితం చదివి, నన్ను పై తరగతికి పంపాడు. టీచరుకి మాత్రం మాట వినలేదని మెమో ఇచ్చాడు. ఆమె దాన్ని మా హాజరు పట్టీకి అట్టగా వేసుకుని ఏడాదంతా తిప్పారు.

నా కాగితాల్లో ఆ గడి ఇప్పటికీ ఉంటుంది. దానివల్ల పని ఆలస్యమవుతోందని నా దగ్గర పనిచేసేవాళ్లు గొణుగుతారు. గొణగనివ్వండి, తీసేయను. కారణం అడక్కుండా వేసిన సున్నాలు ఎన్ని ఇళ్లలో చదువులు ఆపేశాయో తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

కొట్టు ముందు చెప్పులు విడిచి, ఆ తడి గోనె మీద ఒట్టికాళ్లతో నిలబడ్డాను. కొట్టతను వింతగా చూసి, ఎందుకని అడిగాడు. మొదటినుంచీ చెప్పాను.