చిత్తూరు రేటుకు కొత్త బాత్రూం

తిరుపతిలో సొంత ఇల్లు ఉన్నవాడికి బంధువులు తక్కువంటే నేను నమ్మను. కొండకు పోయే ప్రతివాడికీ స్నానం చెయ్యడానికి మా ఇల్లే గుర్తొచ్చేది. పన్నెండేళ్ళుగా మాకున్నది ఒకటే బాత్రూం. మా ఆవిడ బడిలో టీచరు, ఎనిమిదింటికి బస్సెక్కాలి. ఆమె లోపలికి వెళ్ళిన రెండో నిమిషంలో ఎవరో ఒకరు తలుపు తట్టేవారు. ఒకరోజు చెవి వెనక షాంపూ నురగ అలాగే ఉండగా వచ్చి నా ముందు నిలబడింది.

"నాకు నగలొద్దు, చీరలొద్దు. ఎవరూ పిలవకుండా ఒక్కసారి తీరిగ్గా తలకు పోసుకోవాల. మన గదిలో ఇంకో బాత్రూం కట్టించండి" అంది.

సరేనన్నాను. అయితే నాకో జబ్బుంది. చెప్పిన ధరకు ఏదీ కొనలేను. వంకాయల దగ్గరే అరగంట నిలబడేవాణ్ణి, గీజర్ దగ్గర ఊరుకుంటానా? ప్లంబరు రాసిచ్చిన జాబితా పట్టుకుని ఊళ్ళో నాలుగు కొట్లు తిరిగాను. నాలుగు చోట్లా ప్లంబరు పేరు చెప్పగానే యజమాని ముఖం వెలిగిపోయింది. దాంతో అతనికి ఇందులో కమిషన్ ఉందని నాకు అనుమానం వచ్చింది. చిత్తూరులో ఒక హోల్‌సేల్ కొట్టుందని, అక్కడ అన్నీ చవకని మా ఆఫీసులో ఒకాయన చెప్పాడు. మర్నాడే బస్సెక్కాను.

కొట్టు యజమాని నా జాబితా చూసి, "యాడ నుంచి సార్?" అన్నాడు.

"తిరుపతి."

అంతే, లేచి నిలబడ్డాడు. గోడ మీది పటం వైపు తిరిగి చెంపలు వేసుకున్నాడు. "స్వామి పాదాల కాడ ఉండారు, పుణ్యాత్ములు. కొండ మింద మీకు తెలిసినోళ్ళు ఉంటారు గదా సార్? మా ఇంట్లో వాళ్ళకు దర్శనం..."

తిరుపతివాళ్ళు ఏ ఊరు వెళ్ళినా ఎదురయ్యే ప్రశ్నే ఇది. నిజానికి కొండ మీద టీ అమ్మేవాడు కూడా నాకు తెలియదు. మేమూ అందరిలాగే లైన్లో నిలబడతాం. ఆ ముక్క చెప్పి ఉంటే బాగుండేది. కానీ అప్పటికే ఆయన వేలు క్యాలిక్యులేటర్ మీద ఉంది. నేను కాస్త దగ్గి, "చూద్దాంలే" అన్నాను.

పైపుల ధర తగ్గింది. నాకు హుషారొచ్చింది. ట్యాపులు, షవర్ దగ్గరకు వచ్చేసరికి మా బావమరిదిని కొండ మీద ఆఫీసులో కూర్చోబెట్టాను. అతను నాయుడుపేటలో ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. వైర్లు, స్విచ్చుల దగ్గర అతనికి ప్రమోషన్ కూడా ఇచ్చాను. గీజర్ దగ్గరకు వచ్చేసరికి ఇవ్వడానికి ఇంకేం మిగల్లేదు. "మీరంతా మా ఇంట్లోనే దిగండి" అనేశాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

సామాన్లు చూసి ప్లంబరు పెదవి విరిచాడు. "ఇవి యాడ పట్టుకొచ్చినారు సార్? ఈ ఎల్బో ఈ పైపుకు పట్టదే" అంటూ రోజుకోసారి నన్ను తనకు తెలిసిన కొట్టుకే తరిమాడు. నేను నోరు మూసుకుని వెళ్ళొచ్చేవాణ్ణి.

నెలకు బాత్రూం సిద్ధమైంది. పైపులు మార్చడానికి పాతదాన్ని పగలగొట్టి పెట్టారు కాబట్టి ఇంట్లో పనికొచ్చేది ఈ కొత్తదొక్కటే. మొదటి స్నానం తనదేనని మా ఆవిడ శుక్రవారానికి సెలవు పెట్టింది, కుంకుడుకాయలు కొట్టి పెట్టుకుంది. గురువారం సాయంత్రం చిత్తూరు నుంచి ఫోను.

"సార్, తెల్లారేసరికి మీ ఇంటికాడ ఉంటాం. పదకొండు మందిమి."

మా ఆవిడకు ఆ మాట చెప్పే ధైర్యం నాకు చాలలేదు.

తెల్లవారగానే వ్యాను ఆగింది. పదకొండు మంది భుజాల మీద తువ్వాళ్ళతో దిగారు. యజమాని నేరుగా బాత్రూంలోకి వెళ్ళి షవర్‌ను నిమిరి, "మన సరుకు ఎట్ల మెరస్తా ఉండాదో సూడండి" అని అందరికీ చూపించాడు. తర్వాత నా వైపు తిరిగి, "దర్శనం ఎన్నింటికి సార్?" అన్నాడు.

మా ఆవిడ కుంకుడు రసం గిన్నెతో వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఇక దాచి లాభం లేదు. "నాకు కొండ మీద ఎవరూ తెలియదు. బావమరిది ఉండేది నాయుడుపేటలో" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఆ పొద్దే తెలుసు సార్. మా అంగడికొచ్చిన తిరపతోళ్ళంతా ఒక బావమరిదిని చెప్పినారు. మేము ఉత్త లైన్లో పోయేదానికే వచ్చినాం. మీకిచ్చిన రేటు కూడా అందరికీ ఇచ్చేదేలే."

నాకు తల కొట్టేసినట్టయింది. పన్నెండేళ్ళలో ఆమె కోరింది ఒక్కటి. అందరికీ ఇచ్చే రేటు కోసం దాన్ని కాస్తా పదకొండు మందికి రాసిచ్చేశాను. మా ఆవిడ గిన్నె పట్టుకుని ఆ తువ్వాళ్ళ మధ్య నుంచి నడిచి బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

ఇరవై నిమిషాలైనా నీళ్ళ శబ్దం ఆగలేదు. యజమాని వాచీ చూసుకుని తలుపు వైపు లేచాడు. ఆయన భార్య చొక్కా పట్టుకుని లాగింది.

"కూసో. ఆయమ్మను నిదానంగా పోసుకోనీ. నువ్వు గీజర్ల అంగడి పెట్టి ఇరవై ఏండ్లాయె, నేనింకా కట్టెల పొయ్యి మింద నీళ్ళు కాంచుకుంటా ఉండాను. అది కూడా మీరంతా పోసుకున్నాక అడుగున మిగిలితే."

ఆయన కూర్చున్నాడు. ఆయన పక్కన నేనూ కూర్చున్నాను.