బకెట్ల ఊరేగింపుకు నేనే లీడరు

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, అనంతపురంలో మనిషికి కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పొద్దున్నే లేచి కొళాయి తిప్పితే చాలు. ముందు బుస్సుమని గాలి వచ్చేది, తర్వాత అదీ వచ్చేది కాదు. నేను డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతూ ఒక ఆడపిల్లల హాస్టల్లో ఉండేదాన్ని. ఉరవకొండ దగ్గర పల్లెలో పుట్టినదాన్ని కనుక ఎండా కరువూ నాకు కొత్త కాదు. కానీ మా ఊళ్లో నీళ్లు లేకపోతే అందరికీ లేవు. హాస్టల్లో మాత్రం మాకు లేవు, వార్డెనమ్మకు ఉన్నాయి. అదీ నా మంట. (చిన్నప్పటి నుంచీ మా నాయన నన్ను 'మిరపకాయ' అనేవాడు. ఆ పేరును హాస్టలుకు ఎవరు చేరవేశారో ఇప్పటికీ తెలియదు.)

చేరిన కొత్తలోనే వార్డెనమ్మ మమ్మల్నందరినీ వరండాలో కూర్చోబెట్టి లీడరును ఎన్నుకోమంది. "లీడరంటే ఓర్పుండల్ల. నలుగుర్నీ కలుపుకొని పోవల్ల. ఏం మాట్లాడినా ముందు ఆలోచన చేయల్ల" అని వేళ్లు మడుస్తూ చెప్పింది. ఆ గుణాల్లో ఒక్కటి కూడా నాలో లేదని అందరికీ తెలుసు. అయినా నన్నే ఎన్నుకున్నారు. ఎందుకని అడిగితే "నువ్వరిస్తే రోడ్డు మీద పోయే ఆటోవాడు గూడా బ్రేకేస్తాడుమే, అందుకు" అన్నారు. దాన్ని పొగడ్త అనుకొని వారం రోజులు మెడ నిక్కించుకొని తిరిగాను.

శివరాత్రి దాటేసరికి హాస్టలు బోరు ఎండిపోయింది. ట్యాంకరు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. వచ్చినప్పుడు కూడా కాంపౌండులోనే ఉన్న వార్డెనమ్మ ఇంటి డ్రమ్ములు ముందు నిండేవి, అడుగున మిగిలింది మాకు. వంటకూ తాగడానికీ సరిపెట్టుకునేవాళ్లం. స్నానం సంగతి ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. తలలు అట్టలు కట్టి, క్లాసులో మా బెంచీ పక్కన కూర్చోవడానికి మిగతా పిల్లలు వెనకాడే స్థితి వచ్చాక, ఒక సోమవారం పొద్దున నేను పోయి వార్డెనమ్మ తలుపు కొట్టాను. ఆవిడ తలకు తువ్వాలు చుట్టుకొని బయటికి వచ్చింది. జుట్టు చివర్ల నుంచి నీళ్లు కారి చీర భుజం మీద తడిసిపోయింది. "కొంచెం ఓర్చుకోండమ్మా, అందరికీ కష్టమే కదా" అంది. ఆ తడి తలలో నుంచి కుంకుడుకాయ వాసన వచ్చింది. నా కళ్లు మండాయి.

గదికి వచ్చి బకెట్టు అందుకున్నాను. "పదండే, ట్యాంకర్లు పంపే పెద్దాఫీసుకు పోదాం. ఆ ఆఫీసరు నీళ్లిస్తాడా, మనల్నందర్నీ ఆడనే పడుకోబెట్టుకుంటాడా తేల్చుకుందాం!" అని ఒక్క కేక వేశాను. హాస్టలంతా బకెట్లు పట్టుకొని బయలుదేరింది. నా పక్కన నా గది పిల్ల. ఆమెది చిలమత్తూరు, ఇంట్లో సగం కన్నడం. మేము 'నెమ్మది' అని పిలిచేవాళ్లం. ఎంత మెల్లగా మాట్లాడుతుందంటే, రెండోసారి అన్నం అడిగితే వంటామెకు వినపడక పాపం సగం కడుపుతో లేచిపోయేది. దారి పొడుగునా నేను బకెట్టు వాయిస్తూ అరుస్తున్నాను. నెమ్మది మాత్రం రోడ్డు దాటేచోట మా హాస్టల్లోని చిన్న క్లాసుల పిల్లల చేతులు పట్టుకొని దాటిస్తోంది. ఇంత కోపంలో ఈ రోడ్డు దాటించడమేమిటని దాని మీద కూడా కోపం వచ్చింది నాకు.

ఆఫీసు వరండాలో తలుపు పక్కనే, ఫ్యాను కింద, కుర్చీలో ఒక పెద్దాయన కూర్చొని ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తెల్ల పంచె, కళ్లద్దాలు. ఆఫీసరును నేను అంతకు ముందు ఎప్పుడూ చూసింది లేదు. ఇంకెవరై ఉంటాడు? నేరుగా పోయి బకెట్టు ఆయన కాళ్ల ముందు ఠంగుమని పెట్టాను.

"ఏమప్పా, ఫ్యాను కింద చల్లగా కూచుండావే! నీ ఇంట్లో ఆడపిల్లల్లేరా? వాళ్లు స్నానం చేసినారా లేదా? మేం తలకు పోసుకొని ఎన్నాళ్లయిందో అడిగినావా?" అని మొదలుపెట్టి, బోరు, ట్యాంకరు, వార్డెనమ్మ డ్రమ్ములు, ఏదీ వదలకుండా ఏకరువు పెట్టాను. ఆయన మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. నా ఊపిరి అయిపోయేదాకా విని, అద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నాడు.

"నువ్వు చెప్పింది ప్రతి మాటా నిజమే తల్లీ. అయితే నేను ఆఫీసరు కాదు. మా ఊర్లో బోరింగు చెడిపోయింది, అది చెప్పుకుందామని కళ్యాణదుర్గం కాడ నుంచి వచ్చినా. అటెండరు టీకి పోతే ఈ కుర్చీలో కూచున్యా."

మొదట నా వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత నా సైన్యమంతా బకెట్లు కింద పెట్టి మరీ నవ్వింది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంతలో అటెండరు వచ్చి పెద్దాయనను లోపలికి రమ్మన్నాడు. ఆయన కదల్లేదు. "ముందు ఈ పిల్లోళ్లను పంపించు నాయనా."

"వాళ్ల వంతు కాదు పెద్దాయనా. వీళ్లు పోతే నీది ఎప్పుడొస్తుందో ఏమో!"

"పొద్దన్నుంచి కూచున్యా, ఇంకొంచేపు కూచోలేనా? నా వంతు వీళ్లకిచ్చినా, పంపీ."

నేనూ నెమ్మదీ లోపలికి పోయాం. అసలు ఆఫీసరు బక్కగా, చొక్కా చేతులు మడుచుకొని, మా కాలేజీ గుమాస్తాలాగా ఉన్నాడు. "చెప్పండమ్మా" అన్నాడు. నేను నోరు తెరిచాను. గొంతు లేదు! ఉన్నదంతా వరండాలో ఖర్చయిపోయింది. బొంగురు గొంతుతో ఎలాగో "సార్... బయట పెద్దాయన... బోరింగు..." అన్నాను. అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఏడుపుకు ఇంకా కోపం వచ్చింది. ఆఫీసరు అయోమయంగా "మీదే ఊరమ్మా?" అన్నాడు.

అప్పుడు నెమ్మది అంది: "సార్, బోరింగు ఆయనది. హాస్టలు మాది. రెండిట్లోనూ నీళ్లు లేవు."

అంతే చెప్పింది. ఆఫీసరు ఫోనెత్తి "సాయంత్రం లోపల హాస్టలుకు ట్యాంకరు పోవల్ల" అని ఎవరికో గట్టిగా చెప్పాడు. మేము ఉండగానే పెద్దాయనను కూడా లోపలికి పిలిపించాడు.

సాయంత్రమైంది, ట్యాంకరు రాలేదు. పాలు పోసే ఆమె వచ్చి, పక్క వీధిలో మగపిల్లల హాస్టలు దగ్గర ట్యాంకరు నిలబడి ఉందని చెప్పింది. (ఏ హాస్టలో ఫోనులో ఆఫీసరు చెప్పలేదు, ట్యాంకరు వాళ్లు అడగలేదు.) మళ్లీ బకెట్లతో ఉరికాం. అక్కడ ఒకడు తల రుద్దుకుంటున్నాడు, ఒకడు బట్టలు పిండుతున్నాడు, ఇంకొకడు తీరిగ్గా సైకిలు కడుగుతున్నాడు. సైకిలు! నా ఒళ్లు భగ్గుమంది. వాడి పక్కనున్న నిండు బకెట్టు లాక్కొని వాడి నెత్తిన కుమ్మరించబోయాను.

"పారబొయ్యద్దు!"

ఎవరరిచారో ఎవరికీ అర్థం కాలేదు. నెమ్మది. రెండు చేతులా నా చేతిలోని బకెట్టు పట్టుకొని ఉంది. తర్వాత ఆ అబ్బాయిల వైపు తిరిగి, మళ్లీ తన మామూలు గొంతుతో, "మీరు పోసుకున్నారు కదన్నా. ఇంక మాకు మొయ్యండి" అంది. సైకిలు వాడే ముందు తలొంచుకొని బకెట్టెత్తాడు. మిగతావాళ్లు వాడి వెనకే వరుస కట్టారు.

మర్నాడు వార్డెనమ్మ "నేను ఆఫీసరుతో మాట్లాడినందుకే ట్యాంకరొచ్చింది" అని అందరికీ చెప్పుకుంది. నేను గదిలో బకెట్టును ఒక్క తన్ను తన్ని, నెమ్మదితో అన్నాను: "ఈ లీడరుతనం నాకొద్దుమే. నువ్వే తీసుకో. నీకే చేతనైతాది."

అది తడి జుట్టు ఆరబెట్టుకుంటూ తాపీగా అంది. "నేను లీడరైతే నిన్న పొద్దున వార్డెనమ్మ తలుపు తట్టేదాన్నే కాదు. బకెట్టెత్తుకొని ముందు బయటికొచ్చేది ఎవరు? నువ్వే ఉండు. నీ పక్కన నేనుంటాలే."

అలా ఆ మూడేళ్లూ నేనే లీడరు. ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. మేడం ఎంత శాంతంగా ఉంటారో అని నా వెనక మెచ్చుకుంటారట. అది శాంతం కాదు, అలుపు. మీటింగుల్లో అన్యాయమైన మాట ఏదైనా వినబడితే, గొంతు సవరించుకొని, అందరివైపూ చూసి, మర్యాదగా నాలుగు ముక్కలు చెప్పి ఊరుకుంటాను. అప్పుడప్పుడు మాత్రం, మాసిన తలతో, మనిషెవరో కూడా చూసుకోకుండా కేకలు వేసిన ఆ పిల్ల తలుపు తోసుకొని లోపలికొస్తే బాగుండునని అనిపిస్తుంది. వస్తే అది ముందు తిట్టేది నన్నేనని తెలిసి, నాలో నేనే నవ్వుకుంటాను.