మాధవరం నుంచి సీసా పట్టుకుని

ఈ దారిన ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళకు ముందే చెబుతున్నాను: మాధవరం పాల కాలనీ దగ్గర పొద్దున ఆరులోపల బస్సెక్కితే సీటు దొరుకుతుంది. మామూలు బస్సులో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. మా ఆయనకు మాత్రం కొన్నాము. నా ఒళ్ళో వైరు బుట్ట, అందులో గుడ్డ చుట్టిన సీసా.

పక్కన మల్లెపూల గంపతో కూర్చున్నామె ఉండబట్టలేక అడిగింది.

"ఏందక్కా, చంటిబిడ్డ మాదిరి పట్టుకోనుండావు? నెయ్యా?"

"నెయ్యి కాదమ్మే. ఈయన పొద్దున పోసిన ఒంటేలు."

ఆమె గంపను అవతలి తొడమీదికి మార్చుకుంది. "చెప్పకుంటే ఏం పోయె నీకు?" అని మా ఆయన కిటికీ వైపు తిరిగాడు.

విరేచనాలతో ఒంట్లో నీళ్ళన్నీ పోయి ఆయన కిడ్నీలు పడకేశాయి. మెడ కింద ట్యూబు పెట్టి డయాలసిస్ చేస్తున్నారు. ఈరోజు పరీక్ష బాగుంటే ట్యూబు తీసేస్తారు. లేకుంటే మళ్ళీ ఆ మిషను పక్కనే మంచం.

ఇంతకుముందు ఒకసారి మేము తొందరపడ్డాము. ఆగిపోయిన ఒంటేలు ఉన్నట్టుండి బిందెలకొద్దీ వచ్చింది. ఇంకేముంది, బాగైపోయిందని వీధంతా పాయసం పంచాను. ఆసుపత్రిలో ఈయన్ని చూసే డాక్టరమ్మ, గుంటూరు వైపు మనిషి, తల పట్టుకుంది.

"వచ్చింది ఉత్త నీళ్ళేనండీ! కిడ్నీలో జల్లెడ లాంటిది ఉంటుంది. రక్తంలోంచి నీళ్ళు, ఉప్పు, చక్కెర, చెడు అన్నీ వదిలేస్తుంది. వెనక సన్నని నాళాలు కావలసినవి తిరిగి రక్తంలోకి లాక్కోవాలి. రక్తంలో ఇంకా మిగిలిన ఆమ్లం, ఎక్కువైన పొటాషియం బయటికి తొయ్యాలి. జల్లెడ లేచింది, నాళాలు లేవలేదు."

"సున్నం వేసేటప్పుడు మేము చేసేదీ అదే కదమ్మా," అన్నాను. "సామానంతా వాకిట్లో వేసి, కావలసింది లోపలికి తెచ్చుకోని, మూలల్లో మిగిలిన చెత్త ఊడ్చేస్తాము."

"మీ సామాను ఇంకా వాకిట్లోనే ఉందండీ," అంది.

అందుకే ఈ సీసా. ఏడున్నరకు ఆసుపత్రిలో దాన్ని పరీక్షకు ఇచ్చాము, రక్తమూ ఇచ్చాము. ఎదురు హోటల్లో ఇడ్లీ తిన్నాము.

పన్నెండు దాటాక డాక్టరమ్మ పిలిచింది. ఆమె ముఖం చూసే ధైర్యం లేక గోడ గడియారం చూశాను.

"రంగు చూశారా? చిక్కటి పసుపు. రాత్రంతా నాళాలు నీళ్ళు వెనక్కి లాక్కున్నాయి. రక్తంలో పొటాషియమూ దిగింది. ట్యూబు తీసేద్దాం."

"మళ్ళా ఎప్పుడు పెడతారు?" అన్నాడు ఆయన నమ్మలేక.

"పెట్టం బాబాయిగారూ. ఇంటికెళ్ళండి."

ట్యూబు తీసి, కట్టుకట్టి, సాయంత్రం దాకా పడుకోబెట్టి పంపారు. అయిదు గంటలకు తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. ఒక కాలేజీ పిల్ల లేచి "తాతా, కూర్చో" అంది. ఇన్ని నెలలూ ఎవరు లేచినా కూలబడిన మనిషి, ఈసారి పైనున్న కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చోమ్మా నువ్వు. నాకు బాగుండాది."

కట్టు నొప్పెడుతూనే ఉంటుంది, నాకు తెలుసు. మాధవరం దాకా ఆయన నిలబడే వచ్చాడు.