ఆపాక పెరిగే వేడి

కడప భాయ్ తొందరపడి చెయ్యి కాల్చుకున్నాడని మా గ్యారేజీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు.

కరోనా తగ్గి, గల్ఫ్‌లో మేముండే ముసఫ్ఫాలో పనులు మళ్లీ ఊపందుకున్న ఎండాకాలం. నేను ఫోర్‌మన్‌ని, ఆయన మెకానిక్. ఒక పికప్ బాగా వేడెక్కి వచ్చింది. ఇంజిన్ ఆపాక కూడా కాసేపు లోపల వేడి పెరుగుతూనే ఉంటుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆయన ఆగుదామన్నాడు. బయట బళ్లు వరసకట్టి ఉన్నాయి.

"యల్లా భాయ్, ఆపేశాంగా, మూత తియ్యి," అన్నాను.

తీశాడు. రేడియేటర్‌లో మరుగుతున్న నీళ్లు ఎగిరి కుడిచేతి మీద పడ్డాయి.

ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాక మేనేజరు, మేం ముదీర్ అంటాం, ఏం జరిగిందని అడిగాడు. "వద్దన్నా వినలేదు సార్," అన్నాను. చెయ్యి మానింది గాని, ఆ చేతికి మళ్లీ పానా ఇవ్వలేదు. బళ్లు కడిగే పనిలో పెట్టారు.

మా గోదావరి బడిలో తెలుగు మాస్టారు పశ్చాత్తాపాన్ని విడగొట్టి చెప్పారు. పశ్చాత్ అంటే తర్వాత, తాపం అంటే వేడి. మార్కుల కోసం బట్టీపట్టిన ఆ మాట నాకు ఇక్కడ, ఆపిన ఇంజిన్ల మధ్య గుర్తొచ్చింది.

ఒక సెలవు మధ్యాహ్నం మఫ్రఖ్‌లో ఆయన ఉండే లేబర్ క్యాంపుకి వెళ్లాను. ఉల్లిపాయలు ఒలుస్తున్నాడు.

"భాయ్, చాలా పశ్చాత్తాపంగా ఉంది."

"ఏమప్పా, పుస్తకం మింగి వచ్చినావా? మా ఇంట్లో పఛ్తావా అంటాం."

రెండూ ఒకటేనని, ఆ పెద్ద మాటే నోళ్లలో నలిగి అలా అయిందని చెప్పాను.

"అయితే గోదారోళ్లు మాకు చుట్టాలే అన్నమాట!" అని నవ్వాడు.

"మాఫీ చెయ్యి భాయ్."

చేతిలోది కింద పెట్టాడు. "ముదీర్‌కు చెప్పినావా?"

నేను ఒక ఉల్లిపాయ అందుకుని ఒలవసాగాను.

"అట్లయితే మాఫీ."

మనకు మాఫీ అంటే రుణమాఫీలో మాఫీ, వదిలెయ్యడం. ఇక్కడి అరబ్బీలో మాఫీ అంటే 'లేదు' అని. క్యాంపులో నీళ్లు రాకపోతే "పానీ మాఫీ" అంటాం. ఆయన ఏ భాషలో అన్నాడో అడగక్కర్లేదు.

మర్నాడు ముదీర్‌కు చెప్పాను. ఫోన్లోంచి తలెత్తకుండా, "ఖలాస్, పాత సంగతి," అన్నాడు. భాయ్ ఇంకా బళ్లే కడుగుతున్నాడు. కొత్తగా చేరినవాళ్లకు ఎవరైనా ఆ కథ చెబుతుంటే ఆపి, మూత తియ్యమన్నది నేనేనని చెబుతున్నాను. కొందరు వింటారు. కొందరు టీకి వెళ్లిపోతారు. నిన్న చెబుతున్నప్పుడు ఆయన నీళ్ల పైపు పట్టుకుని అక్కడే ఉన్నాడు. విన్నాడు. పైపు మళ్లీ బండి మీదికి తిప్పాడు.